వేడినీళ్ల ప్రొఫెసర్

ఈ డిసెంబర్‌లో మా రూమ్‌లో గ్యాస్ గీజర్ మార్చాం. ఒక్క మాటలో చెప్తే చిన్న పనే, కానీ దాని వెనక పెద్ద భయం ఉంది. మేం నలుగురం కాలేజీ వెనక కాలనీలో పై పోర్షన్ అద్దెకి తీసుకుని ఉంటున్నాం. బాత్రూంలో షవర్ పక్కనే గోడకి ఒక పాత గ్యాస్ గీజర్. మాకంటే ముందున్న సీనియర్లు దాన్ని ఎప్పుడు బిగించారో, ఎవరి చేత బిగించారో తెలీదు. సిలిండర్ కూడా లోపలే, బకెట్ పక్కన. చలిగాలి వస్తోందని వెంటిలేటర్‌కి అట్టముక్క అడ్డం పెట్టింది మాత్రం మేమే. దానికి ఎవరినీ అనడానికి లేదు.

ఒకరోజు పొద్దున మావాడు స్నానానికెళ్లి ఎంతకీ బయటికి రాలేదు. తలుపు బాదితే ఎలాగో గడియ తీశాడు, తీసి అక్కడే కూలబడ్డాడు. బాల్కనీలోకి లాక్కొచ్చి కూర్చోబెడితే కాసేపటికి తేరుకున్నాడు. తలనొప్పి, వికారం సాయంత్రం దాకా పోలేదు. హాస్పిటల్‌కి తీసుకెళ్తే డాక్టర్ గారు అడిగిన మొదటి ప్రశ్నే బాత్రూంలో గ్యాస్ గీజర్ ఉందా అని.

ఆ రాత్రి నిద్ర పట్టక నలుగురం కూర్చుని లెక్క వేశాం. నిమిషానికి ఆరు లీటర్ల నీళ్లని పాతిక డిగ్రీలు వేడెక్కించాలంటే పదిన్నర కిలోవాట్లు కావాలి. అంటే మామూలు కరెంట్ గీజర్లు మూడు, మూడున్నర కలిపినంత. కొంత వేడి పొగతో పోతుంది కాబట్టి గంటకి సుమారు కిలో గ్యాస్ మండాలి. కిలో గ్యాస్ పూర్తిగా మండడానికి పదిహేను కిలోల గాలి, అంటే పన్నెండు ఘనపు మీటర్ల పైచిలుకు. అరగంటకి ఆరు. మా బాత్రూం పొడవు, వెడల్పు, ఎత్తు టేపుతో కొలిస్తే మొత్తం ఏడున్నర ఘనపు మీటర్లు. గాలి అంతా అయిపోయేదాకా మంట ఆగదు, చాలా ముందే సరిగ్గా మండడం మానేసి కార్బన్ మోనాక్సైడ్ తయారు చేయడం మొదలుపెడుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు, కళ్లు మండవు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటే రెండొందల రెట్లకి పైగా గట్టిగా దాన్ని పట్టుకుంటుంది. ఫస్ట్ ఇయర్ కెమిస్ట్రీలో ఇదంతా చదివి మార్కులు కూడా తెచ్చుకున్నవాళ్లమే.

అదే వారం మా ఫ్యూయెల్స్ ల్యాబ్‌లో ఆరో ప్రయోగం. జంకర్స్ గ్యాస్ కెలోరీమీటర్. మెకానికల్ వాళ్లకి చెప్పక్కర్లేదు. నిటారుగా నిలబడ్డ ఒక లోహపు డబ్బా, కింద బర్నర్, పక్కన గ్యాస్ మీటర్, నీళ్లు వచ్చే చోటొక థర్మామీటర్, పోయే చోటొకటి. రికార్డులో బొమ్మ గీసి రంగులు వేశాం, ఫార్ములా బట్టీ పట్టాం. వైవాలో సార్ అడిగారు, ఈ డబ్బాకీ మీ ఇంట్లో గీజర్‌కీ తేడా ఏంటి అని. ఎవరం నోరెత్తలేదు. సార్ మా ముఖాలు చూసి, ఈ జంకర్స్ ఎవరో కనుక్కుని రండి, సమాధానం అందులోనే ఉంది అన్నారు.

అలా మొదలైంది నా వెతుకులాట. ముందు ఒక సవరణ. ఆయన జంకర్స్ కాదు, యుంకర్స్. జర్మన్ పేరు, మొదటి అక్షరం యకారంలా పలుకుతుంది. హ్యూగో యుంకర్స్. రెండో ప్రపంచ యుద్ధం సినిమాలు చూసేవాళ్లకి యుంకర్స్ అంటే బాంబులేసే విమానం. మన ల్యాబ్‌లో కెలోరీమీటర్. యూరప్‌లో ఇంటి గోడకి వేలాడే గీజర్. ముగ్గురు వేరేవాళ్లనుకున్నాను. ముగ్గురూ ఒక్కడే.

1859 ఫిబ్రవరి 3న జర్మనీ పశ్చిమాన రైడ్ట్ అనే నేత పట్టణంలో పుట్టాడు. తండ్రికి నేత మిల్లు ఉండేది. ఏడుగురు మగపిల్లల్లో ఒకడు. ఇంజనీరింగ్ ఒకచోట చదవలేదు. బెర్లిన్, కార్ల్స్‌రూ, ఆఖెన్, మూడు ఊళ్ల టెక్నికల్ కాలేజీలు తిరిగి 1883లో పాసయ్యాడు. మన దగ్గరైతే మూడు కాలేజీలు మారాడంటే బ్యాక్‌లాగులు ఎన్ని అని అడుగుతారు. అక్కడ అప్పట్లో మంచి మాస్టారు ఎక్కడుంటే అక్కడికి పోవడం మామూలేనట. చదువయ్యాక కూడా బెర్లిన్‌లో ప్రొఫెసర్ స్లాబీ దగ్గర గ్యాస్ ఇంజన్ల మీద కొంతకాలం పనిచేసి, ఆయన సలహాతో 1888లో డెస్సావ్ అనే ఊరికి వచ్చాడు. అక్కడ పెద్ద గ్యాస్ కంపెనీ ఉంది.

ఆ కాలపు గ్యాస్ అంటే మన సిలిండర్ గ్యాస్ కాదు. బొగ్గుని మూసిన బట్టీల్లో కాల్చి తీసి, పైపుల్లో ఊరంతా పంపే గ్యాస్. మొదట్లో అది వీధి దీపాలకే. 1880ల నాటికి కరెంట్ దీపం వచ్చేసింది. దీపాల వ్యాపారం చేజారిపోతుంటే గ్యాస్ కంపెనీలు ఆ గ్యాస్‌ని ఇంకెక్కడ వాడించాలా అని చూస్తున్నాయి. ఇంజన్లు నడపొచ్చు, వంట చేయొచ్చు, నీళ్లు కాచుకోవచ్చు.

యుంకర్స్‌కి అప్పగించిన పని పెద్ద గ్యాస్ ఇంజన్. కంపెనీ పెద్ద ఓషెల్‌హాయ్‌జర్‌తో కలిసి ఒకే సిలిండర్‌లో రెండు పిస్టన్లు ఎదురెదురుగా కదిలే ఇంజన్ తయారుచేశాడు. 1892 నాటికి అది నూరు హార్స్ పవర్ ఇచ్చింది. అయితే ఇంజన్ ఎంత బాగా పనిచేస్తోందో చెప్పాలంటే లోపలికి పోయిన గ్యాస్‌లో ఎంత వేడి ఉందో తెలియాలి. బొగ్గు గ్యాస్ రోజుకో రకం. పొద్దున కొలిచింది మధ్యాహ్నానికి చెల్లదు. అప్పటి పద్ధతులు ఒక్కో కొలతకి చాలా సమయం తీసుకునేవి. నడుస్తున్న గ్యాస్‌ని నడుస్తుండగానే కొలిచే సాధనం కావాలి. అందుకు ఆయన చేసిందే మన ఆరో ప్రయోగం.

ఆలోచన ఎంత తేలికైనదో చూడండి. గ్యాస్ ఒకే వేగంతో మండుతూ ఉంటుంది. వేడి పొగ పైకి పోయి, సన్నని గొట్టాల్లోంచి మళ్లీ కిందికి దిగుతుంది. ఆ గొట్టాల చుట్టూ చల్లని నీళ్లు కింద నుంచి పైకి, అంటే పొగకి ఎదురుగా పోతాయి. పొగ బయటికొచ్చేసరికి దాదాపు గదిలో గాలంత చల్లగా ఉంటుంది. అంటే మంటలోని వేడి అంతా నీళ్లలోకి వచ్చేసినట్టే. ఎన్ని నీళ్లు పోయాయి, ఎన్ని డిగ్రీలు వేడెక్కాయి, ఎంత గ్యాస్ మండింది, ఈ మూడూ తెలిస్తే చాలు. పొగలోని ఆవిరి చల్లబడి నీటిబొట్లుగా కిందికి కారుతుంది. దాన్ని చిన్న జాడీలో పడతాం. హయ్యర్ కెలోరిఫిక్ వాల్యూలోంచి లోయర్ తీయడానికి ఆ బొట్లే ఆధారం. సహజవాయువుకైతే ఈ రెంటికీ మధ్య తేడా పది శాతం చిల్లర.

1892లో దీనికి పేటెంట్ తీసుకున్నాడు. 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనకి పంపాడు. ఇక్కడిదాకా ఇది ఒక ల్యాబ్ పరికరం కథ. తర్వాత జరిగిందే నాకు బాగా నచ్చింది. కెలోరీమీటర్ పక్కన కూర్చుని గంటల తరబడి రీడింగులు తీసినవాడికి ఒక విషయం కళ్లెదుటే కనిపిస్తోంది. కొలత అయిపోయాక పారబోసే నీళ్లు వేడినీళ్లు. గ్యాస్‌లోని వేడిలో ఇంచుమించు చుక్క వృథా కాకుండా నీళ్లలోకి తెచ్చే డబ్బా తన ముందే ఉంది. కొలవడం మానేసి స్నానానికి వాడితే? మా సార్ ప్రశ్నకి సమాధానం ఇదే. తేడా ఏమీ లేదు. కెలోరీమీటర్ అంటే థర్మామీటర్లు తగిలించిన గీజర్.

గ్యాస్‌తో నీళ్లు కాయడం అంతకుముందు లేదని కాదు. లండన్‌లో 1868లోనే మాన్ అనే ఆయన గ్యాస్ గీజర్ చేశాడు. ఆ పేరు కూడా ఐస్‌లాండ్‌లో నేలలోంచి చిమ్మే వేడినీటి ఊట నుంచి వచ్చిందే. కానీ దానికి పొగగొట్టం లేదు. మండిన పొగ అంతా స్నానాల గదిలోనే. మా బాత్రూంలో జరిగింది ఆ రోజుల్లోనే మొదలైన కథ అన్నమాట. అమెరికాలో పిట్స్‌బర్గ్‌లో నార్వే నుంచి వలస వచ్చిన ఎడ్విన్ రూడ్ 1889లో తనంతట తానే వెలిగి ఆరే ట్యాంక్ హీటర్ చేశాడు. యుంకర్స్ దారి వేరు. ట్యాంక్ లేదు, నిల్వ లేదు. నీళ్లు పోతూ పోతూనే వేడెక్కాలి. అందుకు రేకు పల్చగా ఉండాలి, వేడి తగిలే మేర ఎక్కువగా ఉండాలి, నీళ్లూ పొగా ఎదురెదురుగా పోవాలి. ఇవాళ మన గీజర్ మూత విప్పితే కనిపించే రాగి రెక్కల గూడు ఆ ఆలోచన సంతానమే.

1895లో రాబర్ట్ లుడ్విగ్ అనే భాగస్వామితో కలిసి డెస్సావ్‌లో యుంకర్స్ అండ్ కో పెట్టాడు. గ్యాస్‌తో స్నానపు నీళ్లు కాచే పరికరాల ఫ్యాక్టరీ. భాగస్వామి రెండేళ్లలో తప్పుకున్నాడు. 1897లో తను చదివిన ఆఖెన్ టెక్నికల్ కాలేజీవాళ్లే పిలిచి ప్రొఫెసర్ ఉద్యోగం ఇచ్చారు, యంత్రాల ప్రయోగశాల చేతిలో పెట్టారు. మరుసటేడు తెరేజె బెన్‌హోల్డ్‌తో పెళ్లి. పన్నెండుమంది పిల్లలు. ఆఖెన్‌లో పాఠాలు, డెస్సావ్‌లో గీజర్లు. ఆ రెండు ఊళ్లూ దేశానికి చెరో వైపు. ఫ్యాక్టరీ లాభాలు తెచ్చేది, ఆ లాభం అంతా ప్రయోగాల్లోకి పోయేది. ఈ అలవాటు చచ్చేదాకా మానుకోలేదు. నా ఉద్దేశంలో ఆయన గొప్పతనానికీ పతనానికీ రెంటికీ కారణం ఇదే.

యాభై ఏళ్ల వయసులో విమానాల మీదికి మళ్లాడు. ఆఖెన్‌లో సహోద్యోగి హాన్స్ రైస్‌నర్‌కి విమానాల పిచ్చి. కర్రా, గుడ్డా, తీగలూ కట్టిన ఆనాటి విమానాన్ని చూస్తే గీజర్ల మనిషికి ఏమనిపించి ఉంటుందో ఊహించగలం. రెక్కకి రేకు ఎందుకు వాడకూడదు? పల్చటి రేకుని వంచడం, ముడతలు పెట్టడం, అతకడం తన ఫ్యాక్టరీలో రోజూ చేసే పనే కదా. 1912లో ఎగిరిన రైస్‌నర్ విమానానికి ముడతల అల్యూమినియం రెక్కలు యుంకర్స్ ఫ్యాక్టరీ నుంచే వెళ్లాయి. అంతకంటే ముందే, 1910 ఫిబ్రవరి 1న, ఆయన ఒక పేటెంట్ తీసుకున్నాడు. దాని సారం ఇది. రెక్క పల్చటి పలకలా ఉండక్కర్లేదు. లోపల బోలుగా, మందంగా ఉండొచ్చు. ఇంజన్, ఇంధనం, మనుషులు అందులోనే కూర్చోవచ్చు. బయట తీగలు, కర్రలు అవసరం లేదు. అప్పట్లో పల్చటి రెక్కే మంచిదని అందరి నమ్మకం. ఆయన నమ్మకాల మీద ఆధారపడకుండా గాలి సొరంగం కట్టించి కొలిచాడు.

1912లో ప్రొఫెసర్ ఉద్యోగం వదిలేశాడు. మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన ఏడాదికి, 1915లో, డెస్సావ్ గీజర్ ఫ్యాక్టరీలో ఒక వింత వస్తువు తయారైంది. మొత్తం ఇనుప రేకుతో చేసిన విమానం. పేరు జె 1. రెక్క దానంతట అదే నిలబడుతుంది, ఒక్క తీగ కూడా లేదు. అతుకులు వేసింది నిన్నటిదాకా స్నానపు పొయ్యిలు చేసిన చేతులే. డిసెంబర్ 12న బెర్లిన్ దగ్గర డోబెరిట్స్ మైదానంలో మాలిన్‌క్రోట్ అనే పైలట్ దాన్ని నేల మీంచి కాస్త పైకి లేపి దింపాడు. పెద్ద ఎగరడం కాదు, గెంతు లాంటిది. అయినా ప్రపంచంలో పూర్తిగా లోహంతో చేసిన విమానాల్లో పనికొచ్చిన మొదటిది ఇదేనంటారు. బరువు టన్ను పైచిలుకు. పైకి మెల్లగా ఎక్కేది, అడ్డంగా మాత్రం గంటకి 170 కిలోమీటర్ల దాకా పోయింది. దానికి జనం పెట్టిన ముద్దుపేరు రేకు గాడిద.

తర్వాత ఇనుము వదిలి డ్యూరాలుమిన్ అనే తేలికైన మిశ్రమ లోహానికి మారాడు. ఒక విషయం దాచకూడదు. ఆయన్ని శాంతివాదిగా చూపించే వ్యాసాలు చాలా ఉన్నాయి. కానీ మొదటి యుద్ధంలో సైన్యానికి కవచం తొడిగిన విమానాలు రెండొందలకి పైగా ఆయన సంస్థ తయారుచేసింది. యుద్ధం అయిపోయాక చేసింది మాత్రం వేరు. 1919 జూన్ 25న ఎఫ్ 13 ఎగిరింది. మొదటి పూర్తి లోహపు ప్రయాణికుల విమానం. నలుగురు ప్రయాణికులకి మూసిన గది, మెత్తటి సీట్లు, బెల్టులు. లోపల వెచ్చదనం కోసం ఏర్పాటు కూడా ఉంది. వేడి సంగతి మర్చిపోతే ఆయన యుంకర్స్ ఎలా అవుతాడు! అలాంటివి మూడొందలకి పైగా తయారయ్యాయి. ఖండాలు దాటి వెళ్లాయి.

ఓడిపోయిన జర్మనీ మీద వెర్సాయ్ సంధి ఆంక్షలు పెట్టింది. విమానాలు కట్టాలంటే దేశం బయట కట్టాలి. జర్మన్ సైన్యం చాటుగా ప్రోత్సహిస్తే 1922లో మాస్కో దగ్గర ఫిలిలో సోవియట్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని ఫ్యాక్టరీ పెట్టాడు. ఆశించినన్ని ఆర్డర్లు రాలేదు, మాట ఇచ్చినంత సొమ్మూ రాలేదు. మధ్యలో 1923లో కొడుకు వెర్నర్ అర్జెంటీనాలో విమాన ప్రమాదంలో చనిపోయాడు. 1925 నాటికి అప్పులు మెడకి చుట్టుకున్నాయి. ఆయన విమాన సర్వీసుల కంపెనీని ప్రభుత్వం లాక్కుని ఇంకో కంపెనీతో కలిపి 1926 జనవరిలో లుఫ్ట్ హాన్సా చేసింది. ఇవాళ మన శంషాబాద్‌లో దిగే లుఫ్తాన్సా ఆ పేరునే మోస్తోంది.

ఇంత దెబ్బ తిన్నాక ఎవరైనా గీజర్లు అమ్ముకుంటూ హాయిగా ఉంటారు. ఈయన ఆగలేదు. బౌహౌస్ అనే డిజైన్ స్కూలు 1925లో డెస్సావ్‌కి వచ్చింది, దాన్ని రప్పించడానికి అండగా నిలిచినవాళ్లలో ఈయనొకడు. లోహంతో ఇళ్లు కట్టాలని ప్రయోగాలు చేశాడు. 1928 ఏప్రిల్‌లో బ్రెమెన్ అని పేరు పెట్టిన ఆయన డబ్ల్యూ 33 విమానం ఐర్లండ్‌లో లేచి, ఎదురుగాలిలో సుమారు ఒకటిన్నర రోజు ఎగిరి, కెనడా ఒడ్డున మంచు కప్పిన గ్రీన్‌లీ ద్వీపంలో దిగింది. అట్లాంటిక్‌ని తూర్పు నుంచి పడమరకి ఆగకుండా దాటిన మొదటి విమానం అది. 1929లో జి 38 వచ్చింది. దాని రెక్క ఎంత మందం అంటే కొందరు ప్రయాణికులు రెక్క మొదట్లోనే కూర్చుని ఎదుటి అద్దంలోంచి ఆకాశం చూసేవాళ్లు. 1910 పేటెంట్ పందొమ్మిదేళ్లకి సగమైనా నిజమైంది. కట్టింది రెండే. 1930లో యు 52 మొదటిసారి లేచింది. అది తర్వాత మూడు ఇంజన్లతో ప్రపంచమంతా తిరిగింది.

ఇన్నిటికీ పునాది ఏంటి? గీజర్లు. విమానాల విభాగం చాలా ఏళ్లు నష్టంలోనే. జనం ఇంటింటా స్నానానికి నీళ్లు కాచుకుంటే వచ్చే డబ్బుతో గాలి సొరంగాలు తిరిగాయి. గీజర్ల కంపెనీ గ్యాస్ పొయ్యిలాంటిది, దాని మీద ఎన్ని గిన్నెలు పెట్టాలో అన్నీ పెట్టాడు.

1929 ఆర్థిక మాంద్యంతో ఆ గిన్నెలన్నీ ఒక్కసారే పొంగాయి. 1932లో అప్పులవాళ్లు తలుపు తట్టారు. ఏదో ఒకటి అమ్మాలి. విమానాలా, గీజర్లా? లెక్కలు తెలిసిన ఎవరైనా నష్టం వచ్చేది అమ్మి లాభం వచ్చేది ఉంచుకుంటారు. ఆయన తిరగేశాడు. 1932 నవంబర్‌లో యుంకర్స్ అండ్ కోని, ముప్పై ఏడేళ్లు తనని పోషించిన కంపెనీని, రాబర్ట్ బాష్ సంస్థకి అమ్మేశాడు. విమానాలు మిగిలాయి. అప్పటికి వయసు 73. ఈ నిర్ణయాన్ని నేను చాలాసార్లు తిప్పి తిప్పి చూశాను. తప్పని అనలేను, ఒప్పని అనడానికీ మనసు రాలేదు.

ఎందుకంటే ఇంకో రెండు నెలలకి, 1933 జనవరి 30న, హిట్లర్ గద్దెనెక్కాడు. కొత్త ప్రభుత్వానికి వైమానిక దళం కావాలి. దేశంలో పెద్ద విమాన ఫ్యాక్టరీ, పేటెంట్లు ఈ ముసలాయన చేతిలో. ఆయన వాళ్ల మనిషి కాదు. విమానయాన మంత్రిత్వ శాఖలో ఈ వ్యవహారం నడిపిన పెద్దల్లో ఎర్‌హార్డ్ మిల్ష్ ఒకడు. అతను ఒకప్పుడు యుంకర్స్ విమాన సర్వీసుల్లోనే ఉద్యోగి. దేశద్రోహం కేసు పెడతామని బెదిరించారు. 1933 జూన్‌లో పేటెంట్లు రాయించుకున్నారు. అక్టోబర్‌లో సగానికి పైగా వాటాలు రాయించుకున్నారు. నలభై అయిదేళ్లు బతికిన డెస్సావ్‌లో అడుగు పెట్టొద్దన్నారు. బవేరియా కొండల్లో బైరిష్‌త్సెల్ అనే ఊళ్లో ఇంటికే పరిమితం చేశారు, బయట పోలీసు కాపలా. ఏడాదిన్నర అలా గడిచింది. 1935 ఫిబ్రవరి 3న, సరిగ్గా తన 76వ పుట్టినరోజున, మ్యూనిక్ దగ్గర గాటింగ్‌లో కన్నుమూశాడు. మిగిలిన వాటాల్ని ఆ ఏడాదే భార్య తెరేజె ప్రభుత్వానికి ఇచ్చేయాల్సి వచ్చింది.

మనిషిని వదిలించుకున్నారు కానీ పేరు వదల్లేదు. ఆయన పోయిన ఏడు నెలలకి యు 87 మొదటిసారి ఎగిరింది. సినిమాల్లో సైరన్ మోతతో నిట్టనిలువుగా దూకే స్టూకా అదే. 1937 ఏప్రిల్ 26న స్పెయిన్‌లో గెర్నికా ఊరి మీద బాంబులేసిన వాటిలో యు 52లు ఉన్నాయి. ప్రయాణికుల్ని మోయడానికి పేరుపడ్డ విమానం అది. యుద్ధంలో యుంకర్స్ పేరున్న ఫ్యాక్టరీల్లో ఖైదీల చేత, పట్టి తెచ్చిన కూలీల చేత వెట్టిచాకిరీ చేయించారు. ఆ ఫ్యాక్టరీల వల్లే డెస్సావ్ బాంబులకి గురైంది. 1945 మార్చి 7 రాత్రి దాడిలో ఊరు చాలావరకు నేలమట్టమైంది. నేను మొదట్లో విన్న యుంకర్స్, అంటే బాంబుల యుంకర్స్, ఆయన చచ్చాక పుట్టినవాడు.

అమ్మేసిన గీజర్లకి మాత్రం పేరు మర్యాదగా మిగిలింది. బాష్ వాళ్లు ఆ పేరు తీసేయలేదు. యూరప్ ఇళ్లలో స్నానాల గదుల గోడల మీద యుంకర్స్ అనే పేరు దశాబ్దాల పాటు వేలాడింది. విమానాలు దక్కించుకోవడానికి దేన్ని వదిలేశాడో అందులోనే ఆయన బతికాడు.

అక్కడ ఇప్పుడు ఇళ్లలో పాత గ్యాస్ హీటర్ తీసేసి కొత్తది పెట్టాలంటే ఎక్కువగా కండెన్సింగ్ రకం పెడతారు. అంటే పొగని బాగా చల్లార్చి, అందులోని ఆవిరిని నీళ్లుగా కిందికి దించి, ఆ వేడిని కూడా వదలకుండా రాబట్టేది. కింద నుంచి ఒక సన్నని గొట్టం, అందులోంచి బొట్టు బొట్టుగా నీళ్లు. ఎక్కడో చూసినట్టుంది కదా? మన కెలోరీమీటర్ కింద జాడీ. 1892లో కొలత కోసం చేసిన పని బాత్రూంలోకి పూర్తిగా రావడానికి దాదాపు వందేళ్లు పట్టింది. ఆ హీటర్లలో చాలావాటికి మంట మండే పెట్టె పూర్తిగా మూసి ఉంటుంది. బయటి గాలి ఒక గొట్టంలో వస్తుంది, పొగ ఇంకో గొట్టంలో బయటికే పోతుంది. గదిలో గాలిని ముట్టుకోదు.

మాకు అంత బడ్జెట్ లేదు. ఓనర్ అంకుల్ మొదట ఇన్నేళ్లుగా ఏం కాలేదు కదా అన్నారు, డాక్టర్ చీటీ చూపించాక ఇంకేం మాట్లాడలేదు. సగం ఆయనే పెట్టుకున్నారు. కొత్త గీజర్‌ని బాత్రూంలో కాకుండా బయట వాష్ ఏరియాలో, మూడు వైపులా గాలి ఆడే చోట బిగించాం. సిలిండర్ కూడా అక్కడే. గోడకి కన్నం కొట్టి వేడినీళ్ల పైపు ఒక్కటే లోపలికి తెచ్చాం. బిగించడానికి వచ్చిన మెకానిక్ అన్న పాతదాన్ని విప్పి చూపించాడు. రాగి రెక్కల మధ్య మసి గడ్డకట్టి ఉంది, పొగ పోయే దారి సగం మూసుకుపోయింది. మంట నీలంగా కాకుండా పసుపుగా వస్తుంటే అప్పుడే ఆపేయాలని తిట్టాడు. మేం ఆ పసుపు మంటని రోజూ చూస్తూనే ఉన్నాం, వెలుగు బాగుందనుకున్నాం.

వెంటిలేటర్ అట్టముక్క తీసేశాం. స్నానం చేస్తుంటే చలేస్తోంది, నిజమే. మావాడు మాత్రం ఇంకా గడియ పెట్టుకోకుండానే స్నానం చేస్తున్నాడు.

వచ్చే సోమవారం ల్యాబ్‌లో మా బ్యాచ్‌కి రిపీట్ ఉంది, పోయినసారి రీడింగులు తప్పొచ్చాయి. కండెన్సేట్ జాడీ పట్టుకునే పని నేనే అడిగి తీసుకున్నాను.